రిటైరైన మా నాయనను కామెడీ మైక్ ముందుకు తీసుకెళ్లొచ్చా? (కర్నూలు)

తుంగభద్ర_గాలి
మా నాయన ఆర్టీసీలో 34 ఏళ్లు కండక్టరుగా చేశారు. ఎక్కువ కాలం కర్నూలు - శ్రీశైలం రూటు. ఆత్మకూరు దాటి బస్సు నల్లమలలోకి ఎక్కాక మలుపులకు పిల్లలు వాంతులు చేసుకుంటుంటే, ముసలివాళ్లు కళ్లు మూసుకుని దండం పెట్టుకుంటుంటే, ఆయన మాటలతోనే ఘాట్ గడిచిపోయేదని చాలామంది నాతో చెప్పారు. ఇప్పటికీ రాజ్‌విహార్ సెంటర్‌లో నిలబడితే ఎవరో ఒకరు వచ్చి "నువ్వు ఆ శ్రీశైలం బస్సు కండక్టర్ కొడుకువు కదప్పా" అంటారు.

రిటైరై మూడేళ్లయింది. పోయిన ఏడాది మా అమ్మ చనిపోయింది. అప్పటినుంచి ఇంట్లో రోజు మొత్తం మీద పది మాటలు మాట్లాడితే గొప్ప. తింటారు, నిద్రపోతారు, పొద్దున్నే కేసీ కెనాల్ గట్టు మీద నడిచి వస్తారు. కానీ టీవీ కూడా సౌండు తీసేసి చూస్తున్నారు. అది చూస్తే నాకు గుండె కలుక్కుమంటుంది.

నా స్నేహితులు కొందరు నెలకు రెండు ఆదివారాలు ఒక ట్యూషన్ హాల్లో ఓపెన్ మైక్ పెడుతున్నారు. ముప్పై కుర్చీలు, ఒక మైకు, మనిషికి ఐదు నిమిషాలు. కామెడీ చెప్పాలి. నాయనను తీసుకెళ్దామని ఉంది. కానీ ఆ వయసు మనిషిని నలుగురిలో నిలబెట్టి ఇబ్బంది పెట్టినట్టవుతుందేమో అని టెన్షన్. మీ ఇళ్లలో ఎవరైనా ఇలా చేశారా?

బురుజు_కుర్రాడు
ఆ హాల్ నాకు తెలుసన్నా, నేను అక్కడ మూడుసార్లు చెప్పాను. తీసుకురా. ముందు వరుసలో కుర్చీ నేను పట్టిపెడతా.

గడియారస్తంభం
నాకు ఈ ఆలోచన నచ్చలేదు. భార్య పోయిన మనిషికి పక్కన కూర్చుని మాట్లాడేవాళ్లు కావాలి. మైకు ఇచ్చి నవ్వించమనడం ఏంటి? ఈ స్టాండప్ అంతా, అంటే ఒక్కరే మైకు ముందు నిలబడి నవ్వించడం, హైదరాబాద్, బెంగళూరు పిల్లల సరదా. ఫోన్లో నేను చూసినవాటిలో సగం బూతులే. పెద్దాయన ఆ హాల్లో ఐదు నిమిషాలు కూర్చోలేడు.

ఉగ్గాని_బజ్జి
బూతు లేకుండా నవ్వించడం కండక్టర్ల కంటే బాగా ఎవరికి తెలుసు సార్? శ్రీశైలం బస్సులో మాల వేసుకున్న స్వాములు, చంటిపిల్లల తల్లులు, కొత్త పెళ్లిజంటలు, అందరూ ఒకే డబ్బాలో ఉంటారు.

ప్రొద్దుటూరు_పద్యం
పట్నం పిల్లల సరదా అన్న మాట నేను ఒప్పుకోను. మనుషుల ముందు నిలబడి ఊరి సంగతులతో ఊరిని నవ్వించడం మన సీమకు ఎప్పుడు కొత్త? నిమ్మలకుంట తోలుబొమ్మలాటే చూడండి. రామాయణం నడుస్తుంటే మధ్యలో కేతిగాడు, బంగారక్క దూకి వచ్చి ఆ ఊరి కష్టాల మీద, ఆ ఊరి పెద్దల మీద జోకులు వేస్తారు. పిల్లలం మేము వాళ్లు వచ్చేదాకా నిద్ర ఆపుకొని కూర్చునేవాళ్లం. నిమ్మలకుంట కళాకారులు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. బుర్రకథలోనూ కథకుడికి అటూ ఇటూ ఉండే ఇద్దరు వంతల్లో ఒకరి పని హాస్యమే. సినిమాల్లో పాతతరం హాస్యనటుడు పద్మనాభం గారిది కూడా మన సింహాద్రిపురమే.

ఇంకొకటి చెబుతా. మా ప్రొద్దుటూరులో సి.వి.సుబ్బన్న శతావధాని గారి పేరు వింటూ పెరిగినవాణ్ణి. అవధానంలో అప్రస్తుత ప్రసంగి అని ఒకాయన కూర్చుంటాడు. అవధాని పద్యం పాదంలో మునిగి ఉండగా "స్వామీ, ఈ రోజు మీ ఇంట్లో ఏం కూర?" అని అడ్డం పడటం ఆయన పని. అవధాని విసుక్కోకూడదు, ధార తప్పకూడదు, సభ నవ్వేలా జవాబు చెప్పి మళ్లీ అదే పాదంలోకి వెళ్లాలి. ఇప్పటి పిల్లలు స్టాండప్‌లో మధ్యలో అరిచేవాణ్ణి హెక్లర్ అని భయపడుతున్నారే, మన సభల్లో ఆయనకు ముందే కుర్చీ వేసి, చివర్లో శాలువా కప్పి పంపేవాళ్లం.

గడియారస్తంభం
శాలువా మాట బాగుంది, ఒప్పుకున్నా. కానీ కేతిగాడు తన ఇంట్లో చావు గురించి తెర ముందు చెప్పడు కదా. ఈ కాలం కామెడీలో సొంత బాధ బయట పెట్టమంటున్నారు. నా భయం అక్కడ.

నల్లమల_నర్స్
గడియారస్తంభం గారి భయంలో నిజం ఉంది. నేను నర్సును. నాలుగేళ్లు మానసిక వైద్య వార్డులో చేశాను. తుంగభద్ర_గాలి గారూ, నాయన తింటున్నారు, నిద్రపోతున్నారు, నడుస్తున్నారు అన్నారు, అది మంచి విషయం. అవి తగ్గినా, "నేనుండి ఏం లాభం" లాంటి మాట ఒక్కసారి విన్నా ఆదివారం దాకా ఆగొద్దు, డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు ఉండవు.

ఆ హెచ్చరిక చెప్పాక, మీ ఆలోచనకు నా ఓటు. కెనడాలో డేవిడ్ గ్రానిరర్ అనే కౌన్సిలర్ 2004 నుంచి మానసిక జబ్బులతో బతుకుతున్నవాళ్లకు స్టాండప్ నేర్పిస్తున్నారు. ఇంగ్లండ్‌లో ఏంజీ బెల్చర్ అనే కమెడియన్ ఇలాంటి కోర్సే నడుపుతున్నారు, అక్కడి ప్రభుత్వ ఆరోగ్య విభాగం కూడా మనుషులను ఆమె దగ్గరకు పంపింది. ఇవి ఒక్క సాయంత్రంలో అయ్యేవి కావు. వారాల తరబడి చిన్న గుంపు కూర్చుని రాసుకుంటారు, ఒకరివి ఒకరు వింటారు, చివర్లో జనం ముందుకు వస్తారు. నా అనుభవంలో మనిషికి మేలు చేసేది ఎక్కువగా ఆ కూర్చోవడమే. ఎవరో మన మాట కోసం ఎదురుచూస్తున్నారని తెలుస్తుంది చూడండి, అది.

ఏది చెప్పాలో, ఏది చెప్పకూడదో మాత్రం చెప్పేవాళ్లే నిర్ణయించుకోవాలి. ఇంకా పచ్చిగా ఉన్న గాయం మీద జోకు రాయమని ఎవ్వరూ అడగకూడదు.

కెనాల్_వాకర్
ఇంత ఎందుకు, లాఫింగ్ క్లబ్‌లో చేర్పించండి. 1995లో ముంబయిలో డాక్టర్ మదన్ కటారియా ఒక పార్కులో నలుగురైదుగురితో మొదలుపెట్టారు, ఇప్పుడు ఎన్నో దేశాల్లో ఉన్నాయి. పొద్దున్నే గాలి, వ్యాయామం, నవ్వు, మూడూ వస్తాయి. రాయక్కర్లేదు, బట్టీ పట్టక్కర్లేదు.

తుంగభద్ర_గాలి
ఒకసారి తీసుకెళ్లానన్నా. గట్టు మీద అందరూ చేతులు పైకెత్తి నవ్వుతుంటే ఆయన చెప్పులు సర్దుకుంటూ పక్కన నిలబడ్డారు. "దేనికి నవ్వాలో చెప్తే నవ్వుతా" అన్నారు.

ఉగ్గాని_బజ్జి
నాయన అప్పుడే మొదటి జోకు వేసేశారు. మీరు గమనించలేదు.

అనంత_95
నాకు చిన్నప్పటినుంచి నత్తి. 'ప' అక్షరం దగ్గర గొంతు పట్టేస్తుంది. మాది పామిడి. అనంతపురంలో డిగ్రీ చదివేటప్పుడు ప్రతి శనివారం బస్సెక్కి కండక్టర్ వచ్చేలోపు లోపల నూరుసార్లు "పామిడి, పామిడి" అనుకునేవాణ్ణి. ఆయన ఎదురుగా నిలబడగానే నోట్లోంచి వచ్చేది "గుత్తి". గుత్తి నా నోటికి సులువు. మూడేళ్లు గుత్తికి టికెట్ కొని పామిడిలో దిగాను. ఎక్కువైన డబ్బులకు సాయంత్రం టీ మానేసేవాణ్ణి. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

పోయిన సంవత్సరం ఒక స్నేహితుడి రూములో పన్నెండు మంది ముందు ఇదే చెప్పాను. ముందే అనుకున్నాను, 'ప' దగ్గర ఆగిపోతే ఆగిపోతానని. ఆగాను. ఎంతసేపో తెలీదు, ఫ్యాను చప్పుడు వినిపించింది. అందరూ నా ముఖం వైపే చూస్తున్నారు. అప్పుడు "గుత్తి" అన్నాను. ఆ రూము పగిలిపోయేలా నవ్వారు. చిన్నప్పటినుంచి ఆ ఆగడం నా మీద జరిగేది. ఆ రోజు దాన్ని నేను వాడుకున్నాను.

నత్తి తగ్గిపోయిందా అని అడుగుతారు. తగ్గలేదు. ఇప్పుడు ఆఫీసులో ఫోన్ మోగితే తీస్తున్నాను. అంతకుముందు బాత్రూముకు వెళ్లిపోయేవాణ్ణి.

బురుజు_కుర్రాడు
తమ్ముడూ, రెండుసార్లు చదివాను. కర్నూలుకు రా, ఒక్కసారి మా హాల్లో చెప్పు.

సీమ_అక్క
బాగున్నవన్నీ చెబుతున్నారు కాబట్టి నాకు జరిగింది కూడా రాస్తాను. మాది కడప. రెండేళ్ల కిందట ఒక కేఫ్‌లో ఐదు నిమిషాలు చెప్పాను. పెళ్లిచూపుల్లో నన్ను పాట పాడమన్నారు, నేను అబ్బాయిని ఎక్కాలు అప్పజెప్పమన్నాను, అదీ విషయం. వచ్చినవాళ్లలో ఆడవాళ్లం ముగ్గురమే. అయినా బాగా నవ్వారు. ఇంటికి నడుచుకుంటూ వస్తుంటే కాళ్లు నేలమీద లేవు.

మర్నాడు పొద్దున్నే మా పెద్దనాన్న ఫోన్. ఎవరో వీడియో తీసి బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టారు, అదీ సగానికి కత్తిరించి. నేను అబ్బాయిని వెక్కిరించిన ముక్క ఉంది, నన్ను అడిగిన ముక్క లేదు. మా అమ్మ రెండు రోజులు అన్నం తినలేదు. నేను మళ్లీ మైకు పట్టుకోలేదు. చిన్న ఊళ్లో ప్రేక్షకులు అంటే రేపు కూరగాయల దగ్గర కలిసేవాళ్లే. ఎవరినైనా మైకు ముందుకు పిలిచేముందు ఆ హాల్లో ఫోన్ల సంగతి ఏం చేస్తున్నారో చెప్పండి.

బురుజు_కుర్రాడు
అక్కా, మా దగ్గర ఇప్పటిదాకా "వీడియో తీయొద్దు" అని నోటితో చెప్పడమే. సరిపోదని నీ పోస్టుతో అర్థమైంది. ఈ ఆదివారం నుంచి తలుపు దగ్గర బుట్ట పెడతాం. ఫోన్లన్నీ అందులో. మాట.

సీమ_అక్క
బుట్ట కాపలాకు ఒక పెద్దమనిషిని పెట్టండి. పిల్లలైతే "ఒక్క నిమిషం అన్నా" అంటే ఇచ్చేస్తారు.

సైన్సు_టీచరమ్మ
కలిసి నవ్వితే ఏమవుతుందో ఆక్స్‌ఫర్డ్‌లో రాబిన్ డన్‌బార్ అనే శాస్త్రవేత్త బృందం పరీక్షించింది. కామెడీ వీడియోలు చూసి నవ్వినవాళ్లు ఆ తర్వాత నొప్పిని ఎక్కువసేపు ఓర్చుకోగలిగారు. నవ్వు రాని వీడియోలు చూసినవాళ్లలో ఆ మార్పు లేదు. ఎడిన్‌బరో నాటకోత్సవాల్లో, అంటే నిజమైన ప్రదర్శనల దగ్గర కూడా చేశారు. అక్కడ నొప్పిని ఎలా కొలిచారో తెలుసా? వీపు గోడకు ఆనించి, మోకాళ్లు వంచి, ఎంతసేపు నిలబడగలరో చూశారు. అదే, మన గోడకుర్చీ! 2011లో ఈ ఫలితాలు వచ్చాయి. కడుపారా నవ్వేటప్పుడు ఊపిరి బయటికి తన్నుకొస్తుంది, పొట్ట కండరాలు అలసిపోతాయి, ఆ శ్రమకు శరీరం తనలోనే ఎండార్ఫిన్లు అనే నొప్పి తగ్గించే పదార్థాలు వదులుతుందని వాళ్ల వివరణ. మనుషులు ఒంటరిగా కంటే పక్కన ఇంకొకరు ఉన్నప్పుడు 30 రెట్లు ఎక్కువ నవ్వుతారని రాబర్ట్ ప్రొవైన్ అనే ఇంకో పరిశోధకుడు లెక్కగట్టాడు. సౌండు తీసేసిన టీవీ ముందు ఒక్కడే కూర్చున్న మనిషిని తలుచుకుంటే ఆ లెక్క గుర్తొచ్చింది.

ఉగ్గాని_బజ్జి
మా లెక్కల సార్ గోడకుర్చీ వేయించే ముందు ఒక జోకు చెప్పి ఉంటే బెల్లు కొట్టేదాకా నిలబడేవాళ్లం టీచరమ్మా.

తుంగభద్ర_గాలి
నిన్న రాత్రి ఒకటి జరిగింది, చెప్పాలి. అన్నం తినేటప్పుడు అనంత_95 తమ్ముడి పామిడి సంగతి నాయనకు చదివి వినిపించాను. పెరుగు కలుపుతున్న చెయ్యి ఆగింది. "నా బస్సులో కూడా ఒక పిల్లోడు ఉండేవాడు" అన్నారు. దోర్నాల అనలేక కళ్లలో నీళ్లు తెచ్చుకునేవాడట. రెండోసారి నుంచి వాడు నోరు తెరవకముందే దోర్నాల టికెట్ కొట్టి చేతిలో పెట్టేవారట. "అడక్కుండా ఇచ్చినానని వాడు ఒకరోజు నాకు రేగ్గాయలు తెచ్చిచ్చినాడు" అన్నారు. అక్కడి నుంచి డ్రైవర్లు, చెకింగులు, ఘాట్‌లో టైరు పేలిన రాత్రి... ప్లేటులో చెయ్యి ఎండిపోయేదాకా మాట్లాడారు. ఏడాదిలో ఇదే మొదటిసారి.

అనంత_95
ఆ నాయనకు నా నమస్కారం చెప్పన్నా. అలాంటి కండక్టర్ నాకు దొరికుంటే ఎన్ని టీలు తాగేవాణ్ణో.

గడియారస్తంభం
సరే, నా మాట కొంత మార్చుకుంటున్నాను. కానీ నేరుగా మైకు ఇవ్వకండి. ఆయనకు తెలిసిన పని ముందు ఇవ్వండి. తలుపు దగ్గర నిలబెట్టి వచ్చినవాళ్లకు టికెట్లు ఇమ్మనండి. సీమ_అక్క చెప్పిన ఫోన్ల బుట్ట కూడా ఆయన చేతికే ఇవ్వండి. 34 ఏళ్లు బస్సు తలుపు దగ్గర నిలబడినవాడికి అక్కడ బెరుకు ఉండదు. రెండు మూడు ఆదివారాలు గడిచాక ఆయనే లోపలికి చూస్తాడు.

నల్లమల_నర్స్
ఈ థ్రెడ్‌లో వచ్చిన సలహాల్లో ఇది అన్నిటికంటే మంచిది.

కడప_కారందోసె
రాయడం గురించి నాలుగు ముక్కలు. మూడేళ్లుగా రాస్తున్నాను. ఇంగ్లీషు కమెడియన్లు స్టేజీ మీద చెప్పేవి చూసి తెలుగులోకి మార్చి చెబితే పేలవు. మన వాక్యం చివర క్రియ ఉంటుంది. "మా ఇంటికి పోలీసు వచ్చాడు" అంటే "వచ్చాడు" దగ్గర నవ్వు ఉండదు. నవ్వు "పోలీసు"లో ఉంది, అది మధ్యలో నలిగిపోయింది. అదే మన అమ్మమ్మలు ఎలా చెబుతారు? "తలుపు తీసి చూస్తును కదా, ఎవరు? పోలీసు!" నవ్వు పుట్టించే మాట చివర పడింది, దాని ముందు ఒక చిన్న ఆగడం ఉంది. ఇంట్లో పెద్దవాళ్లు కథ చెప్పేటప్పుడు రికార్డు చేసుకుని వినండి, మొత్తం పాఠం అందులోనే ఉంటుంది.

రెండోది, మీ పని నుంచి తీసుకోండి. జానీ లీవర్ మన కనిగిరి మనిషి. ముంబయిలో హిందుస్తాన్ లీవర్ ఫ్యాక్టరీలో కూలిపని చేస్తూ అక్కడి అధికారులను అనుకరించి తోటివాళ్లను నవ్వించాడు, ఆ పేరు అలా వచ్చిందే. మీ నాయన చేత జోకులు రాయించొద్దు. బస్సు సంగతి చెప్పమనండి, మీరు పక్కన కూర్చుని ఎక్కడ నవ్వారో అక్కడ గీత పెట్టుకోండి. ఐదు నిమిషాలకు రెండు సంగతులు చాలు.

ప్రొద్దుటూరు_పద్యం
"చూస్తును కదా" అన్న ముక్క చదివి మా అవ్వ గొంతు వినిపించింది నాకు.

తుంగభద్ర_గాలి
రెండు నెలల తర్వాత రాస్తున్నాను, క్షమించాలి. గడియారస్తంభం గారు చెప్పినట్టే చేశాం. మొదటి ఆదివారం నాయన పాత తోలు బ్యాగు అటక మీద నుంచి దింపి, తుడిచి, భుజాన వేసుకుని వచ్చారు. ఫోన్ల బుట్ట ముందు నిలబడి ఒక్కరినీ వదల్లేదు. ఒక కుర్రాడు రెండో ఫోను దాచుకుంటే జేబు చూసి పట్టేశారు. "నాయనా, నీలాంటోళ్లను ముప్పై నాలుగేళ్లు చూసినా" అన్నారు. వరుసంతా నవ్వింది. ఆయన వెనక్కి తిరిగి చూశారు, ఎవరు నవ్వారా అని.

నాలుగో ఆదివారం, అంటే మొన్న, ఆయనే పేరు రాయించుకున్నారు. మైకును స్టాండు నుంచి తీయలేదు, దాని పక్కన బస్సు రాడ్డు పట్టుకున్నట్టు నిలబడ్డారు. "స్టేజీ స్టేజీకీ ఎస్‌ఆర్ రాసినోణ్ణి. ఈ స్టేజీ మాత్రం నా రూట్లో లేదు" అన్నారు. (ఎస్‌ఆర్ అంటే కండక్టర్లు రాసే టికెట్ల లెక్క.) తర్వాత ఒక అవ్వ సంగతి. బుట్టలో కోడిని పెట్టుకుని శ్రీశైలం బయలుదేరింది. కోడికి టికెట్ కొట్టారు. ఘాట్ మధ్యలో కోడి గుడ్డు పెట్టింది. అవ్వ భయపడి "దీనికి కూడా కొనాల్నా సామీ?" అంది. నాయన గుడ్డును చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, "ఐదేళ్లు నిండలేదు లేవ్వా, ఫ్రీ" అన్నారట. హాలు హాలంతా ఊగిపోయింది.

ఆ తర్వాతది నాకూ తెలియదు. ఇంటి ఖర్చుకు అమ్మ ఎప్పుడైనా డబ్బులిచ్చి ఏదైనా తెమ్మంటే, మిగిలిన చిల్లర ఇవ్వకుండా టికెట్ రోలు చివరి ముక్క మీద ఎంతో రాసి చేతిలో పెట్టేవారట, బస్సులో చేసినట్టే. "దిగేటప్పుడు తీసుకో" అనేవారట. అమ్మ తిట్టేదట. పోయిన నెల బీరువా సర్దుతుంటే చీరల కింద బిస్కెట్ డబ్బా దొరికింది. అందులో ఆ ముక్కలన్నీ ఉన్నాయి. "కూర్చుని లెక్కేసినా. 217 రూపాయలు బాకీ ఉన్నా ఆమెకు" అన్నారు. నవ్వుతున్నవాళ్లు నవ్వుతూనే ఉన్నారు, నా పక్కన కూర్చున్నామె కొంగుతో కళ్లు తుడుచుకుంది. నాయన ఒక్క క్షణం ఆగి, "రైట్ రైట్" అని దిగిపోయారు.

ఎవరూ చెప్పమనలేదు. నేను అడగలేదు. ఆయనకు చెప్పాలనిపించింది, చెప్పారు.

గడియారస్తంభం
బాబూ, చదివి చాలాసేపు కూర్చున్నాను. వచ్చే ఆదివారం ఎన్ని గంటలకు?

తుంగభద్ర_గాలి
ఆరింటికి సార్. ఆ 217 రూపాయలకు వచ్చినవాళ్లందరికీ మిరపకాయ బజ్జీలు తెప్పిస్తానని నాయన అప్పుడే చెప్పేశారు. తక్కువ పడేది నేను వేస్తాను.

సీమ_అక్క
బుట్ట ఆయన చేతిలో ఉంటే నేను కూడా వస్తాను. ఐదు నిమిషాలు నా పేరు మీద రాసి పెట్టండి.

ఉగ్గాని_బజ్జి
బజ్జీలు అన్నారు కాబట్టి నా పేరు ఎలాగూ ఉన్నట్టే.

అనంత_95
నేను శనివారం రాత్రికే వచ్చేస్తానన్నా. ఆదివారం అయ్యాక నాయన గారు నన్ను బస్టాండుకు తీసుకొస్తే చాలు. బస్సెక్కి కండక్టరును పామిడి టికెట్ నేనే అడుగుతా, ఎంతసేపు పట్టినా. ఆయన పక్కన నిలబడి చూడాలి.